పెడల్ స్టీల్ గిటార్ – శ్రుతి మార్చు యంత్రము

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సోనోమీటరు మీద పని చేసిన ప్రతి విద్యార్థికిని రెండు విషయములు తెలిసియుండును. తీగ పొడవు తగ్గించినచో స్వరము హెచ్చును. పొడవు మార్చక బిగువు పెంచినను స్వరము హెచ్చును. మన వీణలో వాదకుడు మెట్ల మీద వ్రేలు నొక్కి పొడవును మార్చును. గమకము కొరకు తీగను ప్రక్కకు లాగి బిగువును మార్చును. గోటువాద్యమున మెట్లు లేవు. నున్నని దిమ్మె తీగల మీద జారుచు పొడవును మాత్రమే మార్చును. ఈ రెండు సూత్రములను ఒకేసారి, చేతితో ఒకదానిని, కాలితో ఒకదానిని నడపు వాద్యము అమెరికాలో రూపొందినది. దాని పేరు పెడల్ స్టీల్ గిటార్.

ఈ వాద్యము మన ప్రాంతమున అరుదు. అయినను దాని లోపలి యంత్రము సంగీతము నేర్చువారికిని, భౌతికశాస్త్రము చదువువారికిని సమానముగా ఉపకరించు పాఠము. కనుక ఆ యంత్రమెట్లు పనిచేయునో, దానిని శ్రుతి చేయుటలో ఏ క్రమము పాటింపవలెనో, ఎంత శ్రద్ధ వహించినను తీరని చిక్కు ఏదో ఈ వ్యాసమున వివరింప దలచినాము.

పుట్టుపూర్వోత్తరములు

గిటారును ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, తీగలపై ఉక్కు ముక్కను జార్చి వాయించు పద్ధతి 19వ శతాబ్దపు చివరి భాగమున హవాయి దీవులలో పుట్టినది. దీనికి ఆద్యుడుగా 1874లో జన్మించిన జోసెఫ్ కెకూకూను చెప్పుదురు. ఆ పద్ధతి మన దేశమునకును వచ్చి, బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ వంటి విద్వాంసుల చేతులలో హిందుస్థానీ రాగములకు తగిన వాద్యమైనది. ఇక్కడ రాగమునకు ఒకే స్వరధార చాలును గనుక పెడళ్ల అవసరము కలుగలేదు.

అమెరికాలో అవసరము వేరు. అక్కడి సంగీతమున మూడు నాలుగు స్వరములు కలిసి ఒకేసారి మ్రోగవలెను. తిన్నని ఉక్కు ముక్క అన్ని తీగలను ఒకే చోట తాకును గనుక, తీగలను మొదట ఏ పొందికతో కట్టిరో ఆ స్వరసమూహమే పైకిని క్రిందికిని జరుగును. వేరొక సమూహము పుట్టదు. అందుచేత కొన్ని తీగల బిగువును కాలితో మార్చు ఏర్పాటు వచ్చినది. 1948లో పాల్ బిగ్స్‌బీ అను పనివాడు స్పీడీ వెస్ట్ అను వాదకునికి అట్టి గిటారును చేసి యిచ్చెను. 1954లో ప్రజాదరణ పొందిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ తీగ మ్రోగుచుండగనే పెడలును నొక్కెను. ఒక స్వరము నిలిచియుండగా ప్రక్క స్వరము దానిలోనికి కరగినట్లు ప్రాకుట శ్రోతలకు క్రొత్తగా తోచినది. అప్పటినుండి పెడలు కేవలము శ్రుతి మార్చు సాధనముగా గాక గమకసాధనముగా మారినది. తరువాత బడ్డీ ఎమన్స్ వంటివారు పెడళ్ల పనిని విభజించి, తీగలను చేర్చి, నేటి పది తీగల రూపమును స్థిరపరచిరి.

తీగలు, పెడళ్లు

నేడు మిక్కిలి వాడుకలో ఉన్న మేళవింపునకు 'ఇ నైన్త్' అని పేరు. పాశ్చాత్యుల 'ఇ' స్వరమును మన షడ్జమముగా భావించినచో సులభముగా బోధపడును. నాలుగవ, ఎనిమిదవ తీగలు షడ్జమము; మూడవ, ఆరవ తీగలు అంతర గాంధారము, అనగా హిందుస్థానీ వారి శుద్ధ గాంధారము; అయిదవ, పదవ తీగలు పంచమము; ఒకటవ, ఏడవ తీగలు చతుశ్శ్రుతి రిషభము; రెండవది కాకలి నిషాదము; తొమ్మిదవది కైశికి నిషాదము.

మూడు పెడళ్లు ముఖ్యమైనవి. 'ఎ' పెడలు రెండు పంచమములను చతుశ్శ్రుతి ధైవతమునకు ఎత్తును. 'బి' పెడలు రెండు గాంధారములను శుద్ధ మధ్యమమునకు ఎత్తును. 'సి' పెడలు నాలుగవ తీగ షడ్జమమును రిషభమునకును, అయిదవ తీగ పంచమమును ధైవతమునకును ఎత్తును. ఏమియు నొక్కనప్పుడు స-గ-ప పలుకును. 'ఎ', 'బి' కలిపి నొక్కినచో స-మ-ధ పలుకును. ఇవిగాక మోకాలితో ప్రక్కకు త్రోయు మీటలు కలవు. ఒక మీట షడ్జమమును అర్ధస్వరము హెచ్చించును, మరొకటి అర్ధస్వరము తగ్గించును.

చేంజరు నిర్మాణము

బిరడాలు వాదకుని ఎడమ ప్రక్కను, చేంజరు కుడి ప్రక్కను ఉండును. చేంజరనగా ఒకే ఇరుసు మీద వరుసగా గ్రుచ్చిన పది లోహపు వ్రేళ్లు. ప్రతి వ్రేలి తల గుండ్రముగా నునుపు చేయబడియుండును. తీగ కొన ఆ వ్రేలికి తగిలింపబడి, తల మీదుగా సాగి, ఎడమ ప్రక్కనున్న చిన్న చక్రము మీదుగా బిరడాను చేరును. అనగా సాధారణ గిటారులో కదలకుండ నిలుచు గుర్రము ఇక్కడ పది ముక్కలై, ఒక్కొక్కటి విడిగా ఊగును.

పెడలు నొక్కగా నిలువు కడ్డీ క్రిందికి వచ్చి, గిటారు అడుగున అడ్డముగానున్న ఇరుసును త్రిప్పును. ఆ ఇరుసుకు బిగించిన చిన్న చేతిని బెల్ క్రాంక్ అందురు. అది తనకు తగిలించిన సన్నని లాగుడు కడ్డీని ఎడమకు లాగును. కడ్డీ రెండవ కొన వ్రేలి అడుగుభాగమునందలి రంధ్రము గుండ వెలుపలికి వచ్చును. అక్కడ దానికొక నైలాన్ నట్టు బిగించియుండును. వ్రేలి అడుగు ఎడమకు పోయినచో తల కుడికి వాలును, తీగ బిగియును, స్వరము హెచ్చును.

తగ్గింపు కొరకు వ్రేలికి వెనుక మరొక లోహపు ముక్క కత్తెర వలె జతచేయబడియుండును. బలమైన స్ప్రింగు ఒకటి ఆ ముక్కను ఒక స్థిరమైన ఆధారపు పలకకు ఎల్లప్పుడు అదిమి పట్టియుంచును. తగ్గింపు కడ్డీ దానిని లాగినపుడు అది ఆధారమును వీడును. వ్రేలి తల బిరడాల వైపు వంగును. తీగ వదులై స్వరము తగ్గును. మీటను విడువగానే స్ప్రింగు ఆ ముక్కను తిరిగి ఆధారమునకు చేర్చును.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. హెచ్చించిన స్వరమును స్వస్థానమునకు తెచ్చునది ప్రధానముగా తీగ బిగువే. తగ్గించిన స్వరమును తెచ్చునది స్ప్రింగు. దోషము ఎక్కడ ఉన్నదో కనిపెట్టుటకు ఈ భేదమే ఆధారము.

హెచ్చింపు, తగ్గింపు రెండును కడ్డీని లాగుట చేతనే జరుగు ఈ పద్ధతిని 'ఆల్-పుల్' అందురు. వేరు పద్ధతుల చేంజర్లును కలవు. వాటిని శ్రుతి చేయు క్రమము వేరు. మనము చెప్పుచున్నది ఆల్-పుల్ చేంజరును గూర్చి మాత్రమే.

తీగ ఎంత సాగును?

ఈ యంత్రము చేయు పని ఎంత సూక్ష్మమో లెక్క వేసి చూతము. మూడవ తీగ మందము సాధారణముగా అంగుళమున వెయ్యింట 11 వంతులు. 24 అంగుళముల పొడవు మీద దానిని గాంధారమునకు తెచ్చుటకు దాదాపు 12.6 కిలోల బిగువు కావలెను. స్వరము బిగువు యొక్క వర్గమూలమును అనుసరించును గనుక, అర్ధస్వరము ఎత్తి మధ్యమమునకు చేర్చుటకు బిగువు నూటికి 12 పాళ్లు, అనగా కిలోన్నర, పెరుగవలెను. ఉక్కు గుణమును బట్టి లెక్కించినచో ఇందుకు తీగ సాగవలసినది సుమారు ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే.

ఆరవ తీగయు గాంధారమే, కాని ఒక స్థాయి క్రిందిది. చుట్టు లేని ఉక్కు తీగ అర్ధస్వరము హెచ్చుటకు సాగవలసిన నిడివి, మందముతో నిమిత్తము లేకుండ, దాని కంపనసంఖ్య యొక్క వర్గమును అనుసరించును. కావున స్థాయి క్రిందనున్న ఆరవ తీగకు మూడవ దానిలో నాలుగవ వంతు సాగుట చాలును. అయినను రెండింటిని లాగునది ఒకే 'బి' పెడలు! రెండు కడ్డీలను ఒకే తీరున తగిలించినచో, ఆరవ తీగ నట్టును మిక్కిలి వదులు చేయవలసి వచ్చును. పెడలు చాల దూరము దిగిన పిమ్మటగాని ఆ తీగ కదలదు. పెడలును నెమ్మదిగా నొక్కునపుడు మూడవ తీగ పైకి ప్రాకుచుండగా ఆరవది నిలిచియుండి అపస్వరము పుట్టును.

అందుచేతనే బెల్ క్రాంకునకును, వ్రేలికిని అనేక రంధ్రములు పెట్టుదురు. బెల్ క్రాంకులో ఇరుసుకు దూరపు రంధ్రము కడ్డీని ఎక్కువ దూరము లాగును, కాని పెడలు బరువెక్కును. దగ్గరి రంధ్రము తక్కువ లాగును, పెడలు తేలికయగును. వ్రేలి విషయమున ఇది తలక్రిందులు: ఇరుసుకు దగ్గరి రంధ్రమున తగిలించినచో కొద్ది కదలికకే స్వరము త్వరగా మారును, పెడలు బరువెక్కును, దూరపు రంధ్రమున నెమ్మదిగా మారును, తేలికయగును. మూడవ తీగకు త్వరగా లాగు రంధ్రములను, ఆరవ తీగకు నెమ్మదిగా లాగు రంధ్రములను ఎన్నుకొన్నచో రెండును కలిసి బయలుదేరి కలిసి చేరును.

శ్రుతి చేయు క్రమము

పెడలు నొక్కునపుడు అది ఎల్లప్పుడు ఒకే అడ్డంకి దగ్గర ఆగును. నట్టు నిర్ణయించునది పెడలు ఎక్కడ ఆగవలెనని కాదు. కడ్డీ ఎప్పుడు లాగుట మొదలు పెట్టవలెనని. నట్టును బిగించినచో వదులు తగ్గి, కడ్డీ ముందుగా అందుకొని, తీగను ఎక్కువగా కదల్చును. కావున హెచ్చింపు నట్టును బిగించినచో ఎత్తిన స్వరము ఇంకను హెచ్చును. తగ్గింపు నట్టును బిగించినచో దించిన స్వరము ఇంకను తగ్గును. చేతి పని ఒకటే, ఫలము వ్యతిరేకము. అభ్యాసకులు దీనిని మొదటనే జ్ఞాపకమునందు ఉంచుకొనవలెను.

క్రమమిది:

1. పెడళ్లను, మీటలను వదలి, ప్రతి కడ్డీని వ్రేలితో కదిపి చూడవలెను. నట్టుకును వ్రేలికిని నడుమ కొంచెము సందు తప్పక ఉండవలెను.

2. పెడళ్లను, మీటలను ఒక్కొక్కసారి పూర్తిగా నొక్కి విడువవలెను. భాగములన్నియు స్వస్థానములకు చేరును.

3. విడి తీగలను బిరడాలతో శ్రుతి చేయవలెను. ఇది ముగియకుండ నట్లను తాకరాదు. విడి స్వరము మారినచో ఎత్తిన స్వరము, దించిన స్వరము రెండును మారును.

4. పెడలును చివరివరకు నొక్కిపట్టి హెచ్చింపు నట్లను సవరింపవలెను. చాల గిటార్లకు అంగుళమున 3/16 వంతు కొలత గల ఆరు పలకల తాళపుచెవి సరిపోవును.

5. పిమ్మట మీటలను పట్టి తగ్గింపు నట్లను సవరింపవలెను.

6. చివరకు విడి తీగలను మరల పరీక్షించి, తేడా ఉన్నచో మూడవ మెట్టునుండి తిరిగి చేయవలెను.

స్వరము తప్పినదని తోచగానే చేతికందిన నట్టునెల్ల త్రిప్పువారు కలరు. దాని వలన నష్టము గట్టిదే. మూడవ తీగ మధ్యమమునకు ఎత్తబడినప్పుడు ఉక్కు తీగ తెగు హద్దుకు సమీపమున ఉండును. నట్టును మరికొంత బిగించినచో తీగ వ్రేలి తల మీదనే తెగును. నొక్కిన ప్రతిసారి తీగ అక్కడనే వంగి సాగుచుండును గనుక, తలపై ఏర్పడిన చిన్న గాడియైనను తీగ ఆయుష్షును తగ్గించును.

దోషపరీక్ష

పెడలు నొక్కి విడిచిన తరువాత విడి స్వరము కొంచెము హెచ్చుగా నిలిచినచో, హెచ్చింపు వ్రేలు పూర్తిగా వెనుకకు రాలేదని అర్థము. నట్టు అతిగా బిగిసియుండవచ్చును, లేదా ఇరుసున మురికి చేరియుండవచ్చును. మీటను విడిచిన తరువాత విడి స్వరము తగ్గుగా నిలిచినచో, తగ్గింపు ముక్క ఆధారమును చేరలేదని అర్థము. స్ప్రింగు బలహీనమై యుండవచ్చును. నట్టు త్రిప్పునపుడే విడి తీగ స్వరము మారుచున్నచో సందేహమే లేదు: సందు నశించినది, నట్టును వదులు చేయవలెను.

మరొక దోషము యంత్రమునది కాదు, కట్టడమునది. పది తీగలు కలిసి గిటారు దేహమును నూరు కిలోలకు మించిన బలముతో లాగుచుండును. రెండు పెడళ్లు కలిపి నొక్కినప్పుడు ఆ బలము పెరిగి దేహము లేశమాత్రము వంగును. ముట్టుకొనని షడ్జమపు తీగ సైతము కొన్ని సెంట్లు దిగును. అందుచేత అనుభవజ్ఞులు విడి షడ్జమమును కొంచెము హెచ్చుగానే ఉంచుదురు.

గాంధార సమస్య

సెంటు అనగా అర్ధస్వరమున నూరవ వంతు. నేటి శ్రుతి సూచక యంత్రము స్థాయిని పన్నెండు సమభాగములు చేసి, గాంధారమును షడ్జమము నుండి 400 సెంట్ల మీద చూపును. చెవికి నిర్మలముగా తోచు గాంధారము 5/4 నిష్పత్తిలోనిది. అది 386 సెంట్ల మీదనే ఉన్నది. ఈ 14 సెంట్ల తేడా వలన పై షడ్జ గాంధారములను కలిపి మీటినపుడు క్షణమునకు 13 సార్లు అదురు పుట్టును. హార్మోనియము విషయమున మన విద్వాంసులు చేసిన ఆక్షేపణలలో ఇదియు ఒకటి. 1940లో ఆలిండియా రేడియో ఆ వాద్యమును నిషేధించుటయు, 1971లో ఆ నిషేధము సడలుటయు చదువరులకు తెలిసిన చరిత్రయే. ఖవ్వాలీ గాయకులు మాత్రము దానిని విడువలేదు.

పెడల్ స్టీల్ వాదకునికి హార్మోనియము వారికి లేని స్వేచ్ఛ కలదు. అతడు గాంధారమును 14 సెంట్లు తగ్గించి నిర్మలము చేసికొనగలడు. మూడవ తీగ మీద ఆ తేడా మిల్లీమీటరున పదవ వంతు సాగుదల, అనగా మనము వ్రాసికొను కాగితపు మందము. ధైవతము మధ్యమమునకు గాంధారము వలె పలుకవలెను గనుక అదియు 16 సెంట్లు తగ్గును. షడ్జమమును అర్ధస్వరము ఎత్తు మీట ఆ ధైవతమునకు మరల గాంధారము కావలసియుండుటచే, ఆ స్వరము యంత్రము చూపు దానికన్న దాదాపు 29 సెంట్లు తగ్గును. సూచక యంత్రమును నమ్మి అన్నిటిని నడిమి గుర్తున నిలిపినవాడు ఈ తియ్యదనమును కోల్పోవును.

అయినను స్వేచ్ఛకొక హద్దు కలదు. ఒకటవ తీగ రిషభమును చూడుడు. పంచమముతో పొందికగా పలుకుటకు అది 9/8 నిష్పత్తిలో ఉండవలెను. పెడళ్లు నొక్కినపుడు వచ్చు ధైవతముతో పొందికగా పలుకుటకు 10/9 నిష్పత్తిలో ఉండవలెను. ఈ రెంటి భేదము 81/80. సుమారు 22 సెంట్లు. మన శాస్త్రజ్ఞులు ప్రమాణశ్రుతి యని పేర్కొను భేదమిదియే. గాయకుడు ఏ రిషభము కావలెనో దానినే పలుకును. వైణికుడు తీగను లాగి చేరును. చేంజరు వ్రేలు మాత్రము ఒకే చోట ఆగును.

దీనికి రెండు మార్గములు కలవు. ఒకటి, రిషభమును రెండు స్థానములకు నడుమ నిలిపి, ఇరుప్రక్కలను కొంచెము అపశ్రుతిని సహించుట. రెండవది, పెడలునకు అదనముగా ఒక తగ్గింపు కడ్డీని తగిలించి, నొక్కినప్పుడెల్ల రిషభమును కొన్ని సెంట్లు దించుట. ఇది చక్కని ఉపాయమే. కాని ప్రతి క్రొత్త కడ్డీయు పెడలును కొంత బరువు చేయును, శ్రుతి చేయవలసిన స్థానమును మరొకటి పెంచును. ఏ మార్గమును ఎన్నుకొనవలెనో యంత్రము చెప్పజాలదు. వాదకుని చెవియే నిర్ణయింపవలెను.

కావున ఈ వాద్యమును అభ్యసించువారు మొదట యంత్రము ఆగు స్థానములను తెలిసికొని, పిమ్మట ఏ స్వరమును ఎక్కడ ఆపవలెనో తామే నిశ్చయించుకొనవలెను. మొదటిది తెలియక రెండవదానికి పూనుకొన్నచో తీగలు తెగును. మొదటిదానితోనే తృప్తిపడినచో వాద్యము పలుకును గాని రంజింపజేయదు.

పెడల్ స్టీల్ గిటార్ మన విద్యార్థులకు లభింపకపోవచ్చును. అందులోని మూలసూత్రమును పరీక్షించుటకు ప్రయోగశాలలోని సోనోమీటరు చాలును. తీగకు నాలుగు కిలోల బరువును వ్రేలాడదీసి మీటి వినుడు. దానికి అరకిలో చేర్చి మరల మీటుడు. స్వరము హార్మోనియము మీద ఒక మెట్టు, అనగా అర్ధస్వరము, హెచ్చియుండును. పెడలును నొక్కిన పాదము చేయు పని అదియే.